కహాల్ ల్యాబులో ఎవరెవరున్నారు?

మెదడు గురించి ఏ పుస్తకం తెరిచినా ఒక బొమ్మ కనబడుతుంది. నల్ల సిరాతో గీసిన చెట్టులాంటి బొమ్మ. కింద సన్నటి కాండం, పైన లెక్కలేనన్ని కొమ్మలు, కొమ్మకొమ్మకీ మొటిమల్లాంటి చిన్న ముళ్లు. చూసినవాళ్లు చెట్టే అనుకుంటారు. అది చిన్నమెదడులో ఉండే ఒక నాడీకణం. అలాంటి బొమ్మలు వేలకొద్దీ గీసినాయన పేరు సాంటియాగో రమోన్ ఇ కహాల్. స్పెయిన్ దేశస్థుడు. 1852లో పుట్టి 1934లో చనిపోయాడు. నాడీశాస్త్రానికి ఈయన్నే తండ్రి అంటారు.

గోడపత్రికకి ఒక ప్రముఖుడి జీవితం రాయడానికి నేను ఈయన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆయన రాసిన భాషని ఆ రోజుల్లో సైన్సు పండితులు ఎవరూ చదివేవాళ్లు కాదు. అయినా ఆయన మాట లోకమంతా వినాల్సి వచ్చింది. ఈ విషయం మన డిపార్ట్‌మెంట్ వాళ్లకి తెలియాలి. రెండోది, ఆయనతో నాకో చిన్న తగవుంది. అదేమిటో ముందు ఆయన కథ చెప్పాకే చెప్తాను.

ఆయన పుట్టింది పెతిల్లా అనే కొండపల్లెలో. తండ్రి హుస్తో పేదరైతు ఇంట్లో పుట్టి, పట్టుదలతో చదివి వైద్యుడైనవాడు. కొడుకు కూడా డాక్టరే కావాలన్నది ఆయన పంతం. కొడుక్కేమో బొమ్మల పిచ్చి. కాగితం దొరికితే కాగితం మీద, లేకపోతే గోడల మీద గీసేవాడు. ఒకసారి తండ్రి ఆ బొమ్మ ఒకటి తీసుకెళ్లి, ఊళ్లో చర్చి గోడలకి రంగులు వేయడానికి వచ్చిన పనివాడికి చూపించి అభిప్రాయం అడిగాడు. వీడికి బొమ్మలు రావని అతను తేల్చేశాడు. తండ్రికి కావలసిందీ అదే. ఆ రోజుతో ఇంట్లో రంగులూ కుంచెలూ నిషేధం.

కుర్రవాడు మాత్రం లొంగలేదు. బడి ఎగ్గొట్టాడు, దెబ్బలు తిన్నాడు. పదకొండేళ్ల వయసులో సొంతంగా ఒక ఫిరంగి తయారుచేసి పక్కింటివాళ్ల తోట తలుపు పేల్చేసి, కొన్ని రోజులు జైల్లో కూడా ఉన్నాడు. విసిగిపోయిన తండ్రి కొంతకాలం క్షౌరశాలలో, కొంతకాలం చెప్పులు కుట్టేచోట పనికి పెట్టాడు. చెప్పులు కుట్టడంలో బాగా పనిమంతుడని పేరు తెచ్చుకున్నాడట.

1868 వేసవిలో తండ్రికి ఒక ఉపాయం తోచింది. పదహారేళ్ల కొడుకుని రాత్రివేళ శ్మశానానికి తీసుకెళ్లి, పాత ఎముకలు ఏరుకొచ్చి, వాటితో శరీరశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఎముకనీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, గీయాలి. బొమ్మలు వద్దన్న తండ్రే ఇప్పుడు బొమ్మలు గీయించాడు. కొడుక్కి వైద్యం మీద మనసు కలిగింది కూడా అక్కడే. పాఠం చెప్పి ఒప్పించలేనివాణ్ణి పెన్సిల్ ఇచ్చి ఒప్పించాడన్నమాట.

1873లో సరగోసాలో వైద్యం పూర్తయింది. వెంటనే సైన్యంలోకి పిలుపొచ్చింది. మరుసటి ఏడాది క్యూబాకి పంపారు. అప్పుడు క్యూబా స్పెయిన్ ఏలుబడిలో ఉంది, అక్కడ యుద్ధం నడుస్తోంది. బురదనేలల మధ్య ఉన్న సైనిక ఆసుపత్రిలో ఆయనకి మలేరియా పట్టుకుంది. 1875లో బక్కచిక్కి ఇల్లు చేరాడు. ఆ ఉద్యోగంలో మిగిలిన డబ్బుతో, వాయిదాల మీద ఒక మైక్రోస్కోపు కొనుక్కున్నాడు. తర్వాత క్షయ వచ్చి రక్తం కక్కుకున్నాడు. దాన్నుంచి కూడా బయటపడ్డాడు.

1879లో సిల్వేరియా ఫన్యానాస్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇంట్లో పెద్దలకి ఇష్టం లేదు. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో ఆరోగ్యం లేదు. వీళ్లకి ఏడుగురు పిల్లలు పుట్టారు. ఆ రోజుల్లో ఆయనకి ఫొటోగ్రఫీ మీద చాలా మోజుండేది. గాజుపలకల మీద మందు పూసి ఫొటో ప్లేట్లు ఇంట్లోనే తయారుచేసేవాడు. కొనేవాళ్లు ఎక్కువయ్యేసరికి ఆ పనిలో సిల్వేరియా కూడా చేయి కలిపింది. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

1883లో వాలెన్సియా విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1885లో అక్కడ కలరా వచ్చినప్పుడు ఆయన చేసిన పరిశోధనకి మెచ్చి సరగోసా ప్రాంత ప్రభుత్వం మంచి జైస్ మైక్రోస్కోపు బహుమతిగా ఇచ్చింది. 1887లో బార్సిలోనాకి మారాడు. ఆ ఏడాదే మాద్రిద్‌లో లూయిస్ సిమర్రో అనే వైద్యుడి ఇంట్లో ఒక స్లైడు చూశాడు. ఆ స్లైడుతోనే ఆయన జీవితం మలుపు తిరిగింది.

ఇక్కడ కొంచెం ఆగి విషయం చెప్పాలి. మెదడు ముక్కని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఏమీ తెలియదు. రంగు వేస్తే అన్నీ ఒకేసారి రంగెక్కి, ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అర్థం కాదు. చిక్కుపడ్డ నూలుకండెలా ఉంటుంది. ఇటలీలో కామిల్లో గోల్జీ అనే వైద్యుడు, ఆసుపత్రి వంటగదిని ప్రయోగశాలగా మార్చుకుని, 1873లో దీనికి ఒక దారి కనిపెట్టాడు. మెదడు ముక్కని పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో వేస్తే, వందల కణాల్లో ఏవో కొన్ని మాత్రమే నల్లబడతాయి. కానీ నల్లబడ్డ కణం మాత్రం వేరు నుంచి చివురుదాకా పూర్తిగా కనబడుతుంది. సిమర్రో ఇంట్లో కహాల్ చూసింది ఈ పద్ధతిలో చేసిన స్లైడే.

పద్ధతి గోల్జీదే. కానీ ఆయన దాన్లోంచి చూసింది వేరు. మెదడంతా ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పోగుల వల అని ఆయన నమ్మకం. అప్పటి పెద్దల్లో చాలామంది నమ్మకం కూడా అదే. చేపల వలలో ఏ దారం ఎవరిదని అడగలేం కదా, అలాగన్నమాట.

కహాల్ రెండు పనులు చేశాడు. మొదటిది, నానబెట్టడం ఒకసారితో ఆపకుండా మళ్లీ చేశాడు. దాంతో రంగు బాగా పట్టింది. రెండోది, పెద్ద జంతువులని వదిలి గుడ్డులోని పక్షిపిల్లలనీ, అప్పుడే పుట్టిన జంతువులనీ తీసుకున్నాడు. పెద్దయ్యాక నాడీపోగుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడి రంగుని లోపలికి రానివ్వదు. పసిదశలో ఆ పొర ఇంకా ఉండదు. అలా చూసేసరికి పక్షి చిన్నమెదడులో పోగులు ఎక్కడికక్కడ ముగుస్తున్నాయి. ఒక కణం పోగు వచ్చి ఇంకో కణం ఒంటిని బుట్టలా చుట్టుకుంటోంది, కానీ దానిలో కలిసిపోవడం లేదు. అంటే మెదడు ఒక్క వల కాదు. దేనికది వేరైన కణాలు పక్కపక్కన చేరి ఒకదానికొకటి కబురందిస్తున్నాయి. మనం ఇవాళ న్యూరాన్ అని అలవోకగా అనేస్తున్నామే, ఆ ఊహ నిలబడింది ఇక్కడే. ఆ పేరు మాత్రం 1891లో జర్మనీ శాస్త్రవేత్త వాల్డయర్ పెట్టాడు.

అది 1888. ఈ సంగతి అచ్చువేయడానికి కహాల్ సొంత డబ్బుతో ఒక పత్రిక పెట్టాడు. మే నెలలో మొదటి సంచిక వచ్చింది. వేసినవి 60 కాపీలు. రాసింది దాదాపు అంతా ఆయనే, బొమ్మలు ఆయనవే, డబ్బు ఆయనదే. ఎక్కువ కాపీలు విదేశాల్లోని పండితులకి పోస్టులో పంపాడు. జీతమంతా దానికే పోతుంటే, ఇంట్లో చిన్నపిల్లలతో సతమతమవుతున్న సిల్వేరియా పనిమనిషిని మాన్పించేసి ఆ పని కూడా తనే నెత్తికెత్తుకుంది. ప్రపంచ విజ్ఞాన చరిత్రలో గొప్పవని చెప్పుకునే ఆ సంచికలు ఒక ఇల్లాలి అదనపు చాకిరీ మీద అచ్చయ్యాయి. ఇది కహాల్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు.

కాపీలైతే వెళ్లాయి. జవాబులు మాత్రం పెద్దగా రాలేదు. కారణం స్పానిష్. సైన్సు అంటే జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు. స్పానిష్‌లో పరిశోధన ఉంటుందనే ఎవరూ అనుకోలేదు. అప్పుడాయన 1889లో జర్మన్ అనాటమీ సంఘంలో సభ్యుడిగా చేరి, కూడబెట్టుకున్న డబ్బుతో బెర్లిన్‌లో వాళ్ల సమావేశానికి బయలుదేరాడు. సంచిలో స్లైడులున్నాయి. మైక్రోస్కోపులు సర్దుకుని, వచ్చీరాని ఫ్రెంచిలో, ఒక్కొక్కరినీ పిలిచి చూడమన్నాడు. మొదట అనుమానంగానే వచ్చారు. చూసినవాళ్లు అక్కడినుంచి కదల్లేదు. వాళ్లలో అందరికన్నా పెద్దవాడు ఆల్బెర్ట్ కోలికర్. ఆయన కహాల్‌ని బండెక్కించుకుని తన బసకి తీసుకెళ్లి భోజనం పెట్టాడు, మిగతా పెద్దలకి పరిచయం చేశాడు. అంతటితో ఆగలేదు. డెబ్బై దాటిన ఆ పెద్దాయన కహాల్ రాతలు చదవడం కోసం స్పానిష్ నేర్చుకున్నాడు.

నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. తెలుగు రాష్ట్రాలకి బయట ఉంటూ తెలుగు చదువుతున్న మనల్ని, ఆ భాషలో ఏముందని అడగనివాళ్లు తక్కువ. ఒక భాషలో ఏదైనా ఉండాలంటే ముందు ఎవరో ఒకరు దాంట్లో పెట్టాలి. కహాల్ అదే చేశాడు. అయితే ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. భాషాభిమానం ఒక్కటే చాల్లెమ్మని ఆయన ఇంట్లో కూర్చోలేదు. సొంతభాషలో రాశాడు, ఫ్రెంచిలోకి మార్పించాడు, రైలెక్కి వెళ్లి చూపించాడు. 1894లో లండన్ రాయల్ సొసైటీలో ప్రసంగించింది కూడా ఫ్రెంచిలోనే. రెండు పనులూ చేయాలని నాకు అర్థమైంది.

1892లో మాద్రిద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1900లో పారిస్ అంతర్జాతీయ వైద్య సభలో మాస్కో బహుమతి వచ్చాక స్పెయిన్ ప్రభుత్వం మేల్కొని ఒక ప్రయోగశాల పెట్టింది. అధిపతికి ఏడాదికి 10,000 పెసెటాల జీతం అంటే, అది ఎక్కువని చెప్పి 6,000కి తగ్గించుకున్నాడు. ఇంతకాలం ఇంటి వెనకగదిలో ఒక్కడే కూర్చుని పనిచేసిన మనిషి చుట్టూ ఇప్పుడు మనుషులు చేరారు.

వాళ్లలో కొందరిని చెప్తాను. హోర్హే ఫ్రాన్సిస్కో తేయో. తెగిన నరాలు మళ్లీ ఎలా పెరుగుతాయో గురువుతో కలిసి చూశాడు, తర్వాత గురువు స్థానంలోకి వచ్చాడు. నికొలాస్ అచూకార్రో. నాడీకణాల చుట్టూ ఉండే గ్లియా కణాల మీద పనిచేసి, 1918లో నలభై నిండకుండానే చనిపోయాడు. పీయో దెల్ రీయో ఓర్తెగా. వెండి రంగు పద్ధతిని మార్చి, 1919లో మైక్రోగ్లియా అనే కొత్తరకం కణాలని వేరుచేసి చూపించాడు. ఫెర్నాందో దె కాస్ట్రో. మెడలోని రక్తనాళం దగ్గరున్న చిన్న అవయవం రక్తంలోని మార్పుని రుచి చూసినట్టు పసిగడుతుందని గ్రహించాడు. రఫాయెల్ లోరెంతె దె నో. అందరికన్నా చిన్నవాడు, తర్వాత అమెరికా వెళ్లిపోయాడు.

ఆ ల్యాబులో అన్నీ సవ్యంగా లేవు. రీయో ఓర్తెగాకీ అక్కడివాళ్లకీ పొసగలేదు. చాడీలు పెరిగాయి. 1920లో కహాల్ ఆయన్ని బయటికి పంపేశాడు. స్పెయిన్ కన్న ఇద్దరు గొప్ప నాడీశాస్త్రవేత్తలు ఒకే ఊళ్లో వేరువేరు గదుల్లో పనిచేసుకోవాల్సి వచ్చింది. మహానుభావుల జీవితాల్లో ఇలాంటివి దాచిపెట్టడం మనకి అలవాటు. నాకు దాచాలనిపించలేదు.

1906లో నోబెల్ బహుమతి వచ్చింది. గోల్జీకీ కహాల్‌కీ కలిపి ఇచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం స్టాక్‌హోమ్‌లోనే మొదటిసారి. గోల్జీ తన ప్రసంగంలో న్యూరాన్ సిద్ధాంతాన్నే ఖండించాడు. మర్నాడు కహాల్ అదే సిద్ధాంతాన్ని వివరించాడు, గోల్జీ పద్ధతికి గౌరవం ఇస్తూనే. ఒక్క బహుమతి పంచుకున్న ఇద్దరూ ఒకే స్లైడులో రెండు వేరు సత్యాలు చూశారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చి కణానికీ కణానికీ మధ్య సన్నటి సందు చూపించేదాకా ఆ వాదం పూర్తిగా తీరలేదు. తీరేనాటికి ఇద్దరూ లేరు.

ఇక నా తగవు. కహాల్ 1897లో సైన్సు అకాడమీలో చేసిన ప్రసంగం తర్వాత పెరిగి పెద్ద పుస్తకమైంది. పరిశోధనలోకి వచ్చే యువకులకి సలహాలు చెప్పే పుస్తకం. చాలా మంచి మాటలున్నాయి. తెలివి లేదని భయపడొద్దని, ఓపికగా చూడడం నేర్చుకోమని చెప్తాడు. కానీ అందులోనే శాస్త్రవేత్తకి ఎలాంటి భార్య కావాలో కూడా చెప్తాడు. ఆడవాళ్లని రకాలుగా విడదీసి, చదువుకున్న సహచరి దొరికితే మంచిదే కానీ స్పెయిన్‌లో అలాంటివాళ్లు అరుదు కాబట్టి, ఇల్లు చక్కబెట్టి భర్త పనిని తన పనిగా చూసుకునే పిల్లని చేసుకోమంటాడు. పుస్తకమంతా కుర్రవాడితోనే మాట్లాడుతుంది. ఆ పుస్తకం చదివే చేతులకి గాజులుండొచ్చన్న ఊహ కూడా దాంట్లో కనబడదు.

కహాల్‌లో సగం ఆయన భార్యేనని స్పెయిన్‌లో అనుకునేవారు. పొగడ్తే. కానీ ఆ సగానికి పత్రికలో పేరు లేదు, బహుమతిలో వాటా లేదు. సిల్వేరియా 1930లో చనిపోయింది.

ఇంతవరకే అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆయన పుస్తకంలో లేని ఆడవాళ్లు ఆయన ల్యాబులో ఉన్నారు.

1910లో స్పెయిన్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పటిదాకా విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఆడపిల్లకి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. అది తీసేశారు. ఆ మరుసటి ఏడాది, 1911లో, లారా ఫోర్‌స్టర్ అనే డాక్టరు మాద్రిద్ వచ్చింది. పుట్టింది ఆస్ట్రేలియాలో, వైద్యం చదివింది స్విట్జర్లాండులో, ప్రాక్టీసు చేసింది ఇంగ్లండులో. వయసు యాభై దాటింది. ఆ వయసులో కొత్త ఊరొచ్చి, కహాల్ ల్యాబులో కూర్చుని, పక్షుల వెన్నుపాముకి గాయమైతే నాడీపోగులు ఎలా క్షీణిస్తాయో చూసింది. ఆ వ్యాసం ఆ ఏడాదే ల్యాబు పత్రికలో ఆమె పేరుతో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేయడానికి వెళ్లి, 1917లో ఆ సేవలోనే చనిపోయింది.

మాన్యుయెలా సెర్రా ఆ ల్యాబులో టెక్నీషియన్. అంటే ముక్కలు కోసి, నానబెట్టి, రంగులు పట్టించి, స్లైడులు తయారుచేసేవాళ్లలో ఒకామె. మన జువాలజీ ల్యాబులో స్లైడులు చూసి మురిసిపోతాం, అవి ఎవరు చేశారని ఎప్పుడైనా అడిగామా? మాన్యుయెలా ఆ పనితో ఆగలేదు. కప్ప నాడీమండలంలోని గ్లియా కణాల్లో ఉండే సన్నటి పోగుల గురించి 1921లో ఒక వ్యాసం రాసింది. పక్కన ఇంకెవరి పేరూ లేదు, ఆమె ఒక్కదాని పేరే. గురువు పత్రికలో, గురువు పేరు తోడు లేకుండా!

ఎన్రికేతా లెవీ 1926లో చేరింది. అప్పటికామె మనలో చాలామందికన్నా చిన్నది. జర్మన్ వచ్చు. కహాల్‌కి కార్యదర్శిగా, గ్రంథాలయం చూసుకునే మనిషిగా పనిచేసింది. ముసలితనంలో ఆయన చదవాల్సిన విదేశీ రాతలు ఆమె చేతులమీదుగా వెళ్లాయి. తర్వాతి కాలంలో ఆయన గురించి పుస్తకాలు రాసింది. మనం ఇవాళ ఆ ముసలాయన్ని దగ్గరగా చూస్తున్నామంటే అందులో ఆమె కళ్లు కూడా ఉన్నాయి.

కహాల్ 1907 నుంచి చాలా ఏళ్లు స్పెయిన్‌లో చదువులని పెంచే ఒక ప్రభుత్వ మండలికి అధ్యక్షుడు. ఆ మండలి కిందే 1915లో మాద్రిద్‌లో విద్యార్థినుల కోసం హాస్టల్ మొదలైంది. ఆడపిల్ల చదువంటే ఆయన పుస్తకం ఒకలా ఉంది, ఆయన కూర్చున్న కుర్చీ ఇంకోలా పనిచేసింది. ఏది అసలు కహాల్ అంటే రెండూనని నా జవాబు. ఆయన తన కళ్లతో చూడకుండా దేన్నీ నమ్మననేవాడు. ఆయన ల్యాబులోనే, ఆయన కళ్లముందే, ఆయన పుస్తకంలో లేని మనుషులు పనిచేసి చూపించారు. పుస్తకం మారకపోయినా తలుపు మాత్రం మూసుకోలేదు.

1922లో ఆచార్య పదవి నుంచి విరమించుకున్నాడు. పని మాత్రం ఆపలేదు. న్యూరాన్ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ చివరి రోజుల్లో కూడా రాశాడు. 1934 అక్టోబరు 17న మాద్రిద్‌లో, 82 ఏళ్ల వయసులో చనిపోయాడు. రెండేళ్లకి అంతర్యుద్ధం వచ్చింది. ఆయన కట్టిన కొలువు చెదిరిపోయింది. యుద్ధం తర్వాత తేయోని పదవిలోంచి తీసేశారు. దేశం విడిచివెళ్లిన రీయో ఓర్తెగా 1945లో బ్యూనస్ ఎయిరిస్‌లో చనిపోయాడు. 2017లో యునెస్కో వీళ్ల కాగితాలనీ బొమ్మలనీ ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. కహాల్ ఒక్కడి పేరుతోనే చేర్చలేదు, ఆయనతో పాటు ఆ స్పానిష్ బృందం మొత్తం పేరుతో చేర్చింది. నాకది సరైన పద్ధతి అనిపించింది.

కహాల్ జీవితాన్ని మనలో ఎవరైనా రేపు తెలుగులో పుస్తకంగా రాస్తే బాగుంటుంది. రాసేవాళ్లకి నాదొక్కటే విన్నపం. సిల్వేరియాని పెళ్లి పేరాలో పరిచయం చేసి వదిలేయకండి. మాన్యుయెలాకి కూడా ఒక అధ్యాయం ఇవ్వండి.